లొనీ ప్రుయిట్ నిజంగా రాసిన పరీక్ష

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి బతికిన పదకొండేళ్లలో లొనీ ప్రుయిట్ ఆటమధ్యలో బంతిని పట్టుకున్నది ఒక్కసారే. అది కూడా ఎవరి చేతిలోంచో జారి అతని పొట్ట కిందికి దొర్లింది. మీద గుట్టగా జనం పడ్డారు. అందరూ లేచేసరికి రిఫరీ దాన్ని అవతలి జట్టుకిచ్చేశాడు. సొంత ఊరు హార్లన్ ఫెర్రీలో లొనీ పేరెత్తితే ఎవరైనా మొదట చెప్పే కథ ఇదే. లొనీ కూడా నవ్వుతూ ఇదే చెప్పేవాడు.

అతను ముందు వరసలో ఆడే మనిషి, ఎడమవైపు గార్డు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాళ్లకు అడ్డంగా నిలబడి తలతో, భుజాలతో నెట్టడం అతని పని. పని సరిగ్గా చేస్తే ఎవరి కంటా పడడు. తప్పు చేస్తే మాత్రం టీవీవాళ్లు నిదానంగా తిప్పితిప్పి చూపిస్తారు. ఆట మొదలైన ప్రతిసారీ, బంతి ఎటు పోయినా సరే, ఆ వరసలో తలకు తల కొట్టుకోవలసిందే. పెద్ద దెబ్బ కాదు. అలాంటివి రోజంతా, ఏడాదంతా.

తండ్రి నది ఒడ్డున బొగ్గు కాల్చే కర్మాగారంలో పనిచేశాడు. లొనీ హైస్కూల్లో శుక్రవారం ఆటలకు పేరు తెచ్చుకుని, ఎవరూ పేరు వినని చిన్న కాలేజీకి ఆడాడు. వృత్తి జట్లు కుర్రాళ్లను ఎంచుకునే రోజున అతని పేరు ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ల స్థానంలో, ఏ ఊరు పిలిస్తే ఆ ఊరు. టాంపా, టొలీడో, కాన్సస్, మళ్లీ టాంపా, ఇలా ఇంకొన్ని. భార్య కోరిన్ జుట్టు కత్తిరించే పని నేర్చుకుంది. ఏ ఊళ్లోనైనా జుట్టు పెరుగుతుంది కదా అనేది ఆమె లెక్క.

ఈ ఉద్యోగంలో మనిషిని తీసేసే పద్ధతిని, పేపరుకు ఆటల వార్తలు రాసే నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేకపోయాను. ఆగస్టు చివర్లో జట్టు ఆఫీసు నుంచి ఒక మనిషి గది తలుపు తడతాడు. "కోచ్ పిలుస్తున్నారు, ప్లేబుక్ పట్టుకురా" అంటాడు. అంతే. ఎత్తులన్నీ రాసి ఉన్న ఆ పుస్తకం తిరిగిచ్చేశాక సాయంత్రానికి ఊరు ఖాళీ చెయ్యాలి. లొనీకి అది ఆరుసార్లు జరిగింది. ఒకసారైతే ఆ తలుపు కూడా ఎవరూ తట్టలేదు. టొలీడోలో మంగలి కుర్చీలో సగం జుట్టు కత్తిరించుకుని కూర్చుని ఉండగా రేడియోలో చెప్పేశారు.

"నిన్ను తీసేశారటగా" అన్నాడట మంగలి. "మిగతా సగం చెయ్యమంటావా, లేక ఇలాగే బయల్దేరతావా?"

ముప్పై మూడేళ్ల వయసులో అతన్ని మా రివర్‌మెన్ జట్టు తీసుకుంది. హార్లన్ ఫెర్రీ నుంచి స్టేడియం కారులో గంట దూరం కూడా లేదు. మొదటి ఏడాది ఎక్కువభాగం బెంచీ మీదే. మరుసటి ఏడు జూన్‌లో, ప్రాక్టీసులో, జట్టు అసలు గార్డు మోకాలు మెలిపడింది. ఏడాదంతా ఆడలేడని తేలింది. కోచ్ లొనీని పిలిచి, "సెప్టెంబర్‌లో మొదటి ఆట, ఎడమ గార్డు నువ్వే" అన్నాడు.

జీవితంలో ఎవరూ అతనికి ఆ మాట చెప్పలేదు. ఎప్పుడు ఆడినా పక్కవాడు కుంటుకుంటూ బయటికొస్తే లోపలికెళ్లి ఆడాడు. ఆట మొదలవకముందు పేరు పిలిస్తే స్టేడియం సొరంగంలోంచి మైదానంలోకి పరిగెత్తుకుంటూ వచ్చే వరసలో ఎన్నడూ లేడు. ఇప్పుడు సొంత ఊరి జనం ముందు రాబోతున్నాడు. హార్డ్‌వేర్ దుకాణం వాళ్లు పార మీద అతని చొక్కా నంబరు రాసి కిటికీలో వేలాడదీశారు. మెథడిస్టు చర్చివాళ్లు స్టేడియానికి బస్సు మాట్లాడుకున్నారు. మా పేపరు నన్ను అతని జీవితం మీద పెద్ద వ్యాసం రాయమంది.

అందుకే జూలై ఆదివారం ఒకటి అతని పెరట్లో ఉన్నాను. లొనీ పొయ్యి మీద పక్కటెముకల మాంసం కాలుస్తున్నాడు. జట్టులో అతని తర్వాతి వరసలో ఉన్న గార్డు బోయిస్ టాటమ్ వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు, అలబామావాడు, లొనీని తాతా అని తప్ప పిలవడు.

"పేపరాయనా, తాత గురించి ఇది రాసుకో" అన్నాడు బోయిస్. "మొన్న ప్రాక్టీసులో కోడ్ మాట అరవాల్సింది ఈయన. మన జట్టులో ఆ ఎత్తుకి 'నెబ్రాస్కా' అంటాం. ఈయనేమో 'పెలికన్, పెలికన్' అని అరిచాడు. అది టాంపా మాట! మేమంతా ఎటు పోవాలో తెలీక ఒకళ్లమీద ఒకళ్లం పడ్డాం."

"ఆరు జట్ల మాటలు బుర్రలో పెట్టుకుంటే తెలుస్తుంది నీకు" అన్నాడు లొనీ. "నీకు ఒక్క జట్టు మాటలే సరిగా రావు."

"ఇంట్లో కూడా అంతే" అంది కోరిన్, బంగాళాదుంప సలాడ్ గిన్నె తెస్తూ. "ఫోర్కులు కావాలంటే కిటికీ పక్క సొరుగు లాగుతాడు. అది కాన్సస్ ఇల్లయ్యా మగడా అంటాను."

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. అన్ని ఊళ్లు తిరిగినవాడికి అది సహజమే అనిపించింది.

తర్వాత మాటల్లో శిక్షణ శిబిరం సంగతి వచ్చింది. శిబిరం మొదటిరోజు ఆటగాళ్లందరికీ కంప్యూటర్ ముందు బుర్ర పరీక్ష ఉంటుంది. తెర మీద కొన్ని మాటలు వచ్చిపోతాయి, కాసేపయ్యాక ఏవి వచ్చాయో గుర్తుపట్టాలి. గీతల బొమ్మలుంటాయి. రంగు మారగానే మీట నొక్కాలి. బాగున్నప్పటి మార్కులు దాచి ఉంచుతారు. సీజన్‌లో తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెట్టి, పాత మార్కులకన్నా తగ్గితే ఆడనివ్వరు.

"ఈసారి ఎంతకి దించుతావ్ తాతా?" అన్నాడు బోయిస్. "పోయినేడు నువ్వు చెప్పినట్టే రాశా. మూడింట్లో ఒకటి తప్పు. నవంబరులో ఆ దెబ్బ తగిలినప్పుడు నాకు రెండు బంతులు కనిపించాయి, అయినా పరీక్ష పాసయ్యా!"

"మెల్లిగా" అన్నాడు లొనీ, నావైపు చూస్తూ.

"ఇందులో దాచేదేముంది? అందరూ చేసేదే కదా. మొదట్లో తెలివితక్కువవాడిలా రాస్తే తర్వాత తెలివి తగ్గిందని ఎవడు పట్టుకుంటాడు?"

నా చేతిలో కాగితం పళ్లెం అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లు ఆ గదుల బయటే తిరిగాను. 'పరీక్షలో నెగ్గాడు, ఆదివారం ఆడతాడు' అని ఎన్నిసార్లు రాశానో. ఆ నెగ్గడం ఇదన్నమాట.

కోరిన్ వడ్డిస్తున్న గిన్నెను బల్ల మీద పెట్టేసింది.

"లొనీ, నువ్వు కూడానా?"

"అందరూనే."

"అందరి సంగతి నేనడగలేదు. ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. ఆడకపోతే తీసేస్తారు కదా కోరీ. కాన్సస్‌లో ఒక్క వారం కూర్చున్నందుకు..."

"ఏటేటా డాక్టర్లు నీ తల భేషుగ్గా ఉందన్నారే. నేను నమ్మి నిద్రపోయానే. వాళ్లు చూసింది నీ దొంగ మార్కులనా?"

లొనీ మాంసాన్ని అటూ ఇటూ తిప్పాడు. బోయిస్ నేల చూపులు చూశాడు.

"ఒక్కసారి" అంది కోరిన్. "ఈ ఒక్క ఏడూ నిజంగా రాయి. ఎంతొస్తే అంత. బాగా వచ్చిందా, ఇంకెప్పుడూ నోరెత్తను. నీకు ఇష్టమొచ్చినన్నేళ్లు ఆడుకో."

లొనీ ముఖం వెలిగింది. ఇంత తేలికగా బయటపడతానని అనుకోలేదు. "దానికేం! కాలేజీలో నాకు మాటలు గుర్తుపెట్టుకోవడంలో ఎంత పేరో నీకు తెలీదూ? చూస్కో, ఈసారి పరీక్ష పెట్టే వెర్న్‌కి కళ్లు తిరుగుతాయి."

"పిచ్చా తాతా?" అన్నాడు బోయిస్. "అంత పైన మార్కులుంటే అక్టోబర్లో చిన్న దెబ్బ తగిలినా కూర్చోబెట్టేస్తారు!"

"మాటిచ్చాను రా" అన్నాడు లొనీ.

శిబిరం కొండమీది చిన్న కాలేజీలో. ఎండాకాలం పిల్లలుండరు, ఆ హాస్టల్ గదుల్లో ఆటగాళ్లు పడుకుంటారు. గదుల్లో ఏసీ ఉండదు, మంచాలు చిన్నవి, అందుకని ఎవరి ఫ్యాను, ఎవరి పరుపు వాళ్లు తెచ్చుకుంటారు. మొదటిరోజు కోరిన్ కారులోంచి అవి దించుతోంది. నేను వ్యాసం కోసం పరీక్ష గది బయట కూర్చున్నాను. లోపల జరిగింది లొనీ, ఆటగాళ్ల దెబ్బలు చూసుకునే జట్టు ట్రైనర్ వెర్న్ కొవాలిక్, ఇద్దరూ తర్వాత నాకు చెప్పారు. ఇద్దరూ చెప్పింది ఒక్కటే.

లొనీ పరీక్ష ముగించి ఈలవేస్తూ లేచాడు. మాటలన్నీ వచ్చాయి. ఒక్కటీ వదల్లేదు. రంగులకు వేలు తనంతట తానే కదిలింది. అలా అనుకున్నాడు అతను.

వెర్న్ తెర చూసి పకపకా నవ్వాడు.

"ఏవయ్యా లొనీ, వేషం వేస్తే కాస్త ఒద్దికగా వెయ్యొద్దా? కంప్యూటరే నమ్మనంటోంది. ఎర్రగీత గీసి పడేసింది చూడు."

"ఏమంటోంది?"

"మరీ అంత తప్పులు రాస్తే ఒప్పుకోదు. పోయినేడు నువ్వు నాటకమాడినప్పుడు కూడా ఇంతకన్నా మెరుగే. నేనేమన్నా గుడ్డివాణ్ణా? ముప్పై ఏళ్లుగా మీ వేషాలు చూస్తున్నా. మళ్లీ కూర్చో. ఈసారి కొంచెం పైకి రాయి, నా ఉద్యోగం నిలబెట్టు."

లొనీ మళ్లీ కూర్చున్నాడు. ఈసారి ఈల లేదు. ప్రతి మాటనూ పెదవులు కదుపుతూ చదివాడు. చెమట కళ్లలోకి కారింది, తుడుచుకోలేదు, రంగు తప్పిపోతుందని. ముగిసింది. వెర్న్ చూశాడు. మొదటిదానికన్నా ఇంకాస్త తక్కువ.

"మొండివాడివి" అన్నాడు వెర్న్, ఇంకా నవ్వుతూనే. "సరేలే, లైను పెద్దదిగా ఉంది. రేపు పొద్దున్నే రా. నాటకమే కదా?"

ఆ గదిలో నిజం తెలిసింది లొనీ ఒక్కడికే. వెర్న్ అడిగిన తీరులోనే జవాబు ఉంది. అవునంటే చాలు.

"నాటకమే" అన్నాడు లొనీ.

అతను బయటికొచ్చినప్పుడు నేను లేచి, మాట్లాడదామా అన్నాను. అతను నన్ను చూశాడు కానీ నా మాట వినలేదు. పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"నేనన్నీ సరిగ్గా రాశాను" అన్నాడు. "నీకు తెలుసా? అన్నీ. ఒక్కటి కూడా తప్పలేదు."

మంచి వార్తేమో అనుకుని అభినందించాను. అతను నావైపు ఒక్క చూపు చూశాడు. లేచి కార్ల దగ్గరికి వెళ్లాడు.

కోరిన్ ఫ్యాను నేల మీద పెట్టి నిలబడి ఉంది.

"ఎలా రాశావ్?"

"బాగా."

"వెర్న్ ఏమన్నాడు?"

"నవ్వాడు."

"ఎందుకు నవ్వాడు?"

ఇక్కడ కూడా ఒక్క అబద్ధం చాలు. ఆ మాట కోసం నోరు తెరిచాననీ, రాలేదనీ లొనీ నాకు చెప్పాడు. జరిగిందంతా ఆమెకు చెప్పేశాడు. కోరిన్ ఏడవలేదు. కారు తలుపు పట్టుకుంది.

"వెర్న్‌కి ఏం చెప్పావ్?"

"నాటకమని."

"నమ్మాడా?"

"వెంటనే."

అప్పుడు లొనీ, పరీక్షలో వచ్చే ఆ మాటలన్నీ బోయిస్‌కి తెలుసు, ముందే బట్టీపడితే రేపు గట్టెక్కొచ్చు అన్నాడు. ఇన్నేళ్లూ తక్కువ తెచ్చుకోవడానికి చేసిన మోసం ఇప్పుడు ఎక్కువ తెచ్చుకోవడానికి చేస్తానన్నాడు. అన్నాక తన మాట తనకే వినపడి ఆగిపోయాడు.

"రేపు చీటీ పెట్టుకుని రాస్తావ్" అంది కోరిన్. "సెప్టెంబర్లో నీ మీదికొచ్చేవాడు చీటీ చూసి కొడతాడా? నెమ్మదిగా కొడతాడా నిన్ను, మార్కులు బాగున్నాయి పాపం అని?"

కొండ కింద మైదానంలో కుర్రాళ్లు ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. లొనీ అటు చూశాడు. సొరంగంలోంచి పరిగెత్తడం, పేరు పిలవడం, చర్చి బస్సు, కిటికీలో పార. ఇవన్నీ తన ముందే ఉన్నాయి. ఒక అబద్ధం అప్పటికే చెప్పేశాడు కాబట్టి కొత్తగా ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

"నేను కూడా రానా?" అంది కోరిన్.

"వద్దు. వెర్న్‌కి నేనే చెప్తా."

వెర్న్ నమ్మలేదు.

"ఈ భవనంలో ప్రతివాడూ బుర్ర బాగున్నా బాలేనట్టు రాస్తాడు. నువ్వొచ్చి నిజంగా రాశానంటే..."

"కోరిన్ మీద ఒట్టు వెర్న్. రెండుసార్లూ ప్రాణం పెట్టి రాశాను."

వెర్న్ కళ్లద్దాలు తీశాడు. చాలాసేపు అద్దాలే తుడిచాడు.

"అయితే పోయినేడు నీకు నిజంగా ఎంతొచ్చేదో?"

"తెలీదు."

"అంతకుముందు ఏడు?"

"తెలీదు. నిజంగా ఎప్పుడూ రాయలేదుగా. ఎప్పట్నుంచి ఇలా ఉన్నానో నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఎవరికీ తెలీదు."

నగరంలో పెద్ద డాక్టర్లు లొనీని ఆ మధ్యాహ్నమే చూశారు. వాళ్లు మొదట అడిగింది, ఇది ఎప్పుడు మొదలైందని. దాచిన మార్కులన్నీ బల్ల మీద పరిచారు. అన్నీ అబద్ధాలు. పోల్చుకోవడానికి అతని తల ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పే ఆధారం లోకంలో ఎక్కడా లేదు. ఇక ఆడకూడదని మాత్రం ఒక్క నిమిషంలో తేల్చారు.

మర్నాడు పొద్దున ఎవరూ తలుపు తట్టకముందే లొనీ ప్లేబుక్ చంకలో పెట్టుకుని తనే కోచ్ గదికి వెళ్లాడు. కోచ్ కూర్చోమన్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా లొనీ?"

"తెలిసేది కాదు కోచ్."

"ఊఁ" అన్నాడు కోచ్. అది మెచ్చుకోవడమో, నింద వెయ్యడమో లొనీకి అంతుపట్టలేదు. ఆ మనిషిని పదిహేనేళ్లుగా ఎరిగిన నాకూ అంతుపట్టలేదు.

నేను కార్ల దగ్గరికి వెళ్లేసరికి లొనీ ఫ్యానునూ పరుపునూ మళ్లీ కారెక్కిస్తున్నాడు. కోరిన్ స్టీరింగ్ ముందు కూర్చుంది. బోయిస్ టాటమ్ ప్రాక్టీసు దుస్తుల్లో, హెల్మెట్ చేత్తో ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఎడమ గార్డు ఇక అతనే. పొద్దున్నే చెప్పారు.

"తాతా! అతి చేసి దొరికిపోయావటగా! భోజనాల దగ్గర అంతా నవ్వుకుంటున్నారు. మూడింట్లో ఒకటి తప్పు రాయమని మాకు నేర్పినవాడివి, నీకే లెక్క తప్పిందా?"

"నిజంగా రాశాను రా."

"చాల్లే."

"నిజంగా రాశాను బోయిస్. ఈయన్నడుగు, ఆవిణ్ణడుగు. అన్నీ సరిగ్గా రాశాననుకుని ఈలవేసుకుంటూ లేచాను."

బోయిస్ నవ్వు ముఖం మీద అలాగే కాసేపు నిలిచింది, దాన్ని తీసెయ్యడం మరిచిపోయినట్టు. నావైపు చూశాడు. కోరిన్ వైపు చూశాడు. ఆమె తలుపు అద్దం దించి అతన్నే చూస్తోంది.

"నువ్వు నిన్న ఎలా రాశావ్?" అంది.

"ఎప్పట్లాగే. మూడింట్లో ఒకటి. అంటే, తప్పుగా రాద్దామనుకున్నవి మూడింట్లో ఒకటి."

"మిగతా రెండూ?"

బోయిస్ హెల్మెట్ ఊపడం ఆపాడు. నవంబరు దెబ్బ తర్వాత పాసయ్యానని పెరట్లో గొప్పగా చెప్పినవాడు, ఆ రెండూ ఒప్పో తప్పో ఒక్కసారి కూడా కనుక్కోలేదని అప్పుడే తెలుసుకున్నట్టు నిలబడ్డాడు.

"వెర్న్ గదిలోనే ఉన్నాడు" అన్నాడు లొనీ. "వెళ్లి మళ్లీ రాస్తానను."

"ఇవాళా? మొదటి ప్రాక్టీసు తాతా. మొదటి వరసలో." బోయిస్ గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. "రేపు రాస్తా. ఈ వారంలో రాస్తా."

కింద మైదానంలో ఈల మోగింది. బోయిస్ ఒకసారి పరీక్ష గదివైపు, ఒకసారి మైదానం వైపు చూశాడు. తర్వాత హెల్మెట్ తలకెక్కించుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుని, మెట్లు దిగి పరిగెత్తాడు. లొనీ అతని వెనకనే రెండు మెట్లు దిగి, పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ముందు వరస అప్పటికే కూడుకుంటోంది.